కళ్ళు పైకి తిరిగిపోతే దయ్యం కాదు: మానసిక వ్యాధుల మందులు, మన కన్ను, 70 ఏళ్ళ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక సీన్‌తో మొదలుపెడదాం. ఇందులో మనుషులు కల్పితం, కానీ జరిగేది మాత్రం నిజంగా జరిగేదే.

ఇరవై ఏళ్ళ కుర్రాడు. డిగ్రీ చదువుతున్నాడు. కొన్నాళ్ళుగా పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు, రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. ఇంట్లోవాళ్ళు డాక్టర్‌కి చూపించారు, మందులు మొదలయ్యాయి. మూడో రోజు సాయంత్రం వాడి కనుగుడ్లు రెండూ పైకి తిరిగిపోయాయి. కిందికి చూడాలని ఎంత ప్రయత్నించినా రావట్లేదు. మెడ వెనక్కి లాగేస్తోంది. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది, మనం అడిగేదంతా వాడికి తెలుస్తోంది. అమ్మ ఏడుస్తోంది. పక్కింటి పెద్దావిడ వచ్చి చూసి, "ఇది జబ్బు కాదమ్మా, గాలి సోకింది. ముందు తాయెత్తు కట్టించు" అంది.

ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్ళ ముందు రెండు దారులున్నాయి. ఒకటి భూతవైద్యుడి దగ్గరికి. రెండోది ఆసుపత్రికి. రెండో దారిలో వెళ్తే ఒక్క ఇంజెక్షన్‌తో, మామూలుగా అరగంటలోపే, ఆ కళ్ళు మళ్ళీ కిందికి దిగుతాయి. మొదటి దారిలో వెళ్తే? వాడు గంటలకొద్దీ ఆ నరకంలోనే ఉంటాడు. ఆ తర్వాత మందులు మానేస్తాడు. అసలు జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది.

ఆ ఇంజెక్షన్ వెనకా, ఆ కళ్ళ వెనకా పెద్ద చరిత్ర ఉంది. అది చెప్పుకుందాం రండి.

కథ ఒక బట్టల రంగు దగ్గర మొదలవుతుంది. 1876లో జర్మనీలో హైన్రిక్ కారో అనే రసాయన శాస్త్రవేత్త మెథిలీన్ బ్లూ అనే నీలం రంగు తయారుచేశాడు. అది అద్దకానికి వాడే రంగు. 1883లో ఆగస్ట్ బెర్న్‌ట్‌సెన్ ఆ రంగు లోపలి నిర్మాణాన్ని పరిశోధిస్తూ దాని అసలు అస్థిపంజరాన్ని పట్టుకున్నాడు. దాని పేరు ఫీనోథయజీన్. మూడు ఉంగరాలు పక్కపక్కన అతికించినట్టు ఉంటుంది దాని ఆకారం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తర్వాత 1940లలో ఫ్రాన్స్‌లో రోన్ పూలెంక్ అనే కంపెనీ ఈ మూడు ఉంగరాల అస్థిపంజరం మీద ఎలర్జీ మందులు తయారుచేసింది. వాటిలో ఒకటి ప్రొమెథజీన్. ఫెనర్గాన్ అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. దగ్గుకీ దురదకీ ప్రయాణంలో వాంతులకీ ఇస్తారు, వేసుకుంటే మత్తుగా నిద్ర వస్తుంది. అదే ఇది.

ఫ్రెంచ్ నౌకాదళంలో ఆన్రీ లబోరీ అనే సర్జన్ ఉండేవాడు. ఆపరేషన్‌కి ముందు ఇలాంటి మందులు ఇస్తే పేషెంట్లలో ఒక వింత ప్రశాంతత కనిపిస్తోందని ఆయన గమనించాడు. ఈ గుణమే ఎక్కువగా ఉన్న మందు కావాలన్నాడు. 1950 డిసెంబర్‌లో అదే కంపెనీలో పాల్ షార్పాంటియే ఒక కొత్త మందు తయారుచేశాడు. ఫీనోథయజీన్ అస్థిపంజరానికి ఒక క్లోరిన్ పరమాణువు తగిలించాడు. అదే క్లోర్‌ప్రొమజీన్.

1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. ఫలితం చూసి వైద్యలోకం నివ్వెరపోయింది. అప్పటిదాకా ఏముంది చికిత్స? ఇన్సులిన్ ఇచ్చి కోమాలోకి పంపడం, మెదడులో నరాలు కోయడం. ఆ కోసే పద్ధతికి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి. 1955లో ఒక్క అమెరికాలోనే ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5 లక్షల 50 వేలమందికి పైగా ఉన్నారు. చాలామంది లోపలికి వెళ్ళడమేగానీ బయటికి రావడం లేదు. అలాంటి కాలంలో ఒక మాత్రతో మనిషి కుదురుగా కూర్చుని మాట్లాడగలుగుతున్నాడు. 1954లో ఇది అమెరికా మార్కెట్‌లోకి కూడా వచ్చింది.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు నేను సైడ్ ఎఫెక్ట్స్ చెప్పబోతున్నాను. అవి విని "ఈ మందులు విషం" అనుకోకండి. ఈ మందులు లేని కాలం ఎలా ఉండేదో గుర్తుంచుకుని వినండి.

మొదటి దెబ్బ కదలికల మీద కనిపించింది. 1954లో స్విట్జర్లాండ్‌లో హన్స్ స్టెక్ అనే డాక్టర్, ఈ మందు తీసుకున్న కొందరిలో కండరాలు బిగుసుకుపోవడం, ముఖంలో కదలిక తగ్గడం చూశాడు. ఆయనకి ఒక పాత జబ్బు గుర్తొచ్చింది.

ఏంటా పాత జబ్బు? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో యూరప్‌లో ఒక వింత నిద్ర జబ్బు వ్యాపించింది. 1917లో వియన్నాలో కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకనోమో అనే డాక్టర్ దానికి ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అని పేరు పెట్టాడు. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామందికి తర్వాత పార్కిన్సన్ లాంటి లక్షణాలు వచ్చాయి. వాళ్ళలో కొందరికి ఉన్నట్టుండి కళ్ళు పైకి తిరిగిపోయి, నిమిషాలూ గంటలూ అలాగే ఉండిపోయేవి. దాన్నే డాక్టర్లు ఆక్యులోజైరిక్ క్రైసిస్ అన్నారు. మనం తేలిగ్గా "కళ్ళు పైకి తిరిగిపోయే పోటు" అనుకుందాం.

1920ల చివరికి ఆ మహమ్మారి తగ్గిపోయింది. 1950లలో కొత్త మందులు వాడకంలోకి వచ్చాక, అవే కళ్ళు మళ్ళీ కనిపించాయి. అదీ ఏ మెదడు వాపూ లేని పడుచువాళ్ళలో, మందు మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే. 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ బృందం హాలోపెరిడాల్ కనిపెట్టింది. తక్కువ డోసులోనే గట్టిగా పనిచేసే ఇలాంటి మందులతో ఈ సమస్య ఇంకా ఎక్కువ.

ఎందుకిలా? ఈ మందులు మెదడులో డోపమీన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. భ్రమలు తగ్గేది అందువల్లే. కానీ మన కదలికల్ని అదుపులో పెట్టే భాగానికి కూడా డోపమీన్ కావాలి. అక్కడ డోపమీన్‌కీ, ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనానికీ మధ్య త్రాసులాగా ఒక సమతూకం ఉంటుంది. ఒక తట్ట ఒక్కసారిగా పైకి లేచిపోతే కండరాలకి తప్పుడు సంకేతాలు వెళ్తాయి. కంటిని తిప్పే కండరాలు బిగుసుకుపోతాయి. స్వీడన్‌కి చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో డోపమీన్ ప్రాముఖ్యాన్ని చూపించాడు. ఆ పరిశోధనకే 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మరి విరుగుడు ఏంటి? రెండో తట్టని కూడా కిందికి దించాలి, అంటే ఎసిటైల్‌కోలిన్‌ని తగ్గించాలి. అలా తగ్గించే మందుల్లో మన దేశంలో తరచుగా వాడేది ఏంటో తెలుసా? ప్రొమెథజీన్ ఇంజెక్షన్! అవును, మనం ఇందాక చెప్పుకున్న ఫెనర్గాన్. క్లోర్‌ప్రొమజీన్ ఏ కుటుంబంలోంచి పుట్టిందో ఆ కుటుంబంలోని అన్నే వచ్చి తమ్ముడు చేసిన తప్పు సరిదిద్దుతున్నాడన్నమాట.

ఇంకో మాట. ఈ పోటు మానసిక జబ్బు మందులతోనే రావాలని లేదు. వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా రావచ్చు, అది కూడా డోపమీన్‌నే అడ్డుకుంటుంది కాబట్టి. ఎక్కువగా వచ్చేది కూడా పిల్లలకీ, మీ వయసు కుర్రవాళ్ళకే. అందుకే ఈ ఎపిసోడ్ మీకోసం.

ఇప్పుడు రెండో అధ్యాయం. ఇది కంటి లోపలి కథ, కొంచెం భయపెట్టే కథ.

క్లోర్‌ప్రొమజీన్ హిట్ అవ్వగానే కంపెనీలన్నీ అదే అస్థిపంజరం మీద కొత్త మందులు తయారుచెయ్యడం మొదలుపెట్టాయి. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ ఎన్‌పి-207 అనే మందు తయారుచేసింది. దానికి ఇంకా మంచి పేరు కూడా పెట్టలేదు, నంబరే. పేషెంట్ల మీద పరీక్షిస్తుండగా కొందరికి చూపు దెబ్బతింది. కంటి వెనక రెటీనా పొర మీద రంగు మచ్చలు కనిపించాయి. 1956 నాటికి ఈ సంగతి వైద్య పత్రికలకెక్కింది. ఆ మందు మార్కెట్‌కి రాకుండానే ఆగిపోయింది.

కానీ అదే కంపెనీ దానికి దగ్గరి చుట్టంలాంటి ఇంకో మందు తెచ్చింది. ఎన్‌పి-207లో ఉన్న క్లోరిన్ తీసేసి, ఆ చోట గంధకం ఉన్న చిన్న ముక్క పెట్టారు. అది థయోరిడజీన్. 1950ల చివర్లో మెల్లరిల్ పేరుతో అమ్మకానికి వచ్చింది. కండరాల బిగుతు తక్కువ కాబట్టి డాక్టర్లకి నచ్చింది. కండరాల గొడవ లేదు కదా అని డోసు పెంచుకుంటూ పోయారు. 1960లోనే రిపోర్టులు మొదలయ్యాయి. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళ రెటీనా మీద మళ్ళీ అవే రంగు మచ్చలు.

లక్షణాలు ఎలా ఉండేవంటే, చూపు మసకబారడం, రేచీకటి, అన్నిటికంటే విచిత్రం, చుట్టూ ఉన్నదంతా గోధుమ రంగు పులిమినట్టు కనిపించడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒక మనిషి ఇప్పటికే మానసిక ఆసుపత్రిలో ఉన్నాడు. లేనివి వినిపిస్తున్నాయి, కనిపిస్తున్నాయి అని అతని కేస్ షీట్‌లోనే రాసి ఉంది. అతను ఒకరోజు పొద్దున్నే "డాక్టర్ గారూ, నాకు లోకమంతా గోధుమ రంగులో కనిపిస్తోంది" అన్నాడు. ఎంతమంది నమ్ముతారు? "సరేలే, జబ్బు పెరిగింది, డోసు పెంచుదాం" అనడం ఎంత తేలిక! డోసు పెంచితే కన్ను ఇంకా పాడవుతుంది. ఆ మాట నమ్మి, చీకటి గదిలో కూర్చోబెట్టి, లైటు వేసి కంటి లోపల చూసినవాడికే ఆ మచ్చలు కనబడతాయి. ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పాలనుకున్న ముక్క ఇదే. మందు కంటికి ఏం చేస్తోందో ముందు తెలిసేది దాన్ని వేసుకున్న మనిషికి. ఆ మనిషి మాట వినడమే మొదటి పరీక్ష.

ఈ మందులు కంటికే ఎందుకు చేరతాయి? 1960ల మొదట్లో ఆల్బర్ట్ పాట్స్ అనే అమెరికన్ పరిశోధకుడు జంతువుల మీద పరిశీలించి చూపించాడు. మన చర్మానికి, జుట్టుకి రంగునిచ్చే మెలనిన్ ఉంది కదా, అది కంటి లోపల కూడా దండిగా ఉంటుంది. ఫీనోథయజీన్ మందులు ఆ మెలనిన్‌కి అతుక్కుని అక్కడే పేరుకుపోతాయి. ఆ నల్లటి పొర పక్కనే ఉంటాయి వెలుగుని పట్టే కణాలు.

చివరికి నేర్చుకున్న పాఠం ఏంటంటే, రోజుకి 800 మిల్లీగ్రాములు దాటకూడదని థయోరిడజీన్ లేబుల్ మీదే గీత గీశారు. 2005లో ఆ కంపెనీ వారసురాలైన నోవార్టిస్ మెల్లరిల్ అమ్మకాన్ని ఆపేసింది. కాకపోతే అప్పుడు కారణం కన్ను కాదు, గుండె లయ తప్పించే ప్రమాదం.

మరి మొదటి మందు క్లోర్‌ప్రొమజీన్ సంగతి? దాని వంతు 1964లో వచ్చింది. కెనడాలో గ్రైనర్, బెర్రీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక వ్యాసం రాశారు. ఏళ్ళ తరబడి పెద్ద డోసుల్లో ఈ మందు వాడినవాళ్ళలో ఎండ తగిలే చోట చర్మం ఊదా రంగులోకి మారుతోందని, కార్నియాలోనూ కంటి లెన్స్‌లోనూ సన్నటి పొడి చల్లినట్టు మచ్చలు ఏర్పడుతున్నాయని చెప్పారు. లెన్స్ మీద ఆ పొడి కంటిపాపకి సరిగ్గా వెనక నక్షత్రం ఆకారంలో పేరుకుంటుంది. వెలుతురు పడే చోటే పేరుకుంటోంది, గమనించారా? చర్మం మీదైనా అంతే, కంటిలోనైనా అంతే. అదృష్టం ఏంటంటే, చాలామందికి దీనివల్ల చూపు పెద్దగా తగ్గదు. కానీ మందు మొదలైన పన్నెండేళ్ళకిగానీ ఈ సంగతి బయటపడలేదు. నెమ్మదిగా వచ్చేదాన్ని పట్టుకోవాలంటే ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి మరి.

మూడో అధ్యాయం మన కాలానికి వస్తుంది. 1997లో అమెరికాలో క్వెటయపీన్ అనే కొత్త తరం మందుకి అనుమతి వచ్చింది. అంతకుముందు కుక్కల మీద చేసిన దీర్ఘకాల పరీక్షల్లో వాటి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. దాంతో మందు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, తర్వాత ప్రతి ఆరు నెలలకీ ఒకసారి లెన్స్ పరీక్ష చేయించాలని లేబుల్‌లో రాశారు. ఆ తర్వాత మనుషుల మీద రెండేళ్ళపాటు ఒక అధ్యయనం జరిగింది. క్వెటయపీన్ తీసుకున్నవాళ్ళనీ, రిస్పెరిడోన్ అనే ఇంకో మందు తీసుకున్నవాళ్ళనీ పోల్చి చూశారు. ఎవరు ఏ మందు వాడుతున్నారో కంటి డాక్టర్‌కి తెలియకుండా పరీక్ష చేయించారు. 2015లో ఫలితం వచ్చింది. శుక్లాల విషయంలో క్వెటయపీన్ రెండోదానికంటే చెడ్డదేమీ కాదని తేలింది.

తేడా చూశారా? 1960లో మందు అమ్మకానికి వచ్చాక మనుషుల కళ్ళు పాడయ్యాక తెలిసింది. 1997లో అనుమానం ముందే లేబుల్ మీదికెక్కింది, తర్వాత పరీక్షించి చూశారు. కొన్నిసార్లు పరీక్షిస్తే భయం నిజమవుతుంది, కొన్నిసార్లు భయం తగ్గుతుంది. రెండూ మంచికే.

ఇంకో రెండు చిన్న విషయాలు, మీ ఇంట్లో పనికొచ్చేవి. ఈ మందుల్లో కొన్ని, వాటి వణుకు తగ్గడానికి తోడుగా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ లాంటి మాత్రలు, దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే కండరాన్ని బలహీనం చేస్తాయి. ఫోన్‌లో అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి, దూరంగా ఉన్న బోర్డు బాగానే కనిపిస్తుంది. ఇది చాలాసార్లు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, లేకపోతే డాక్టర్ డోసు మారుస్తారు. కానీ కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి వచ్చి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే మాత్రం ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. అది నీటికాసులు అనే జబ్బు ఒక్కసారిగా రావడం కావచ్చు, ఆలస్యం చేస్తే చూపు పోతుంది.

రెండోది, ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లం ఆపరేషన్ ఉందనుకోండి. వాళ్ళు రిస్పెరిడోన్ లాంటి మందు వాడుతుంటే కంటి సర్జన్‌కి ముందే చెప్పండి. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ఆపరేషన్ మధ్యలో వదులుగా జారిపోయే అవకాశం ఉంది. ముందే తెలిస్తే సర్జన్ జాగ్రత్తపడతారు. "మెంటల్ టాబ్లెట్లు వాడుతున్నారని చెప్తే ఏమనుకుంటారో" అని దాచిపెడితే నష్టం మనకే.

చివరగా చట్టం. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. అందులో 22వ సెక్షన్ ప్రకారం, ఇచ్చే చికిత్స ఏంటో, దాని తెలిసిన సైడ్ ఎఫెక్ట్స్ ఏంటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. అంటే "ఈ మందుతో కళ్ళకి ఏమైనా అవుతుందా డాక్టర్ గారూ?" అని అడగడం ఎదురు ప్రశ్న కాదు, మీ హక్కు. అడగండి. ఏమైనా తేడా కనిపిస్తే తేదీతో సహా ఫోన్‌లో రాసుకోండి. కళ్ళు పైకి తిరిగితే, వీలైతే చిన్న వీడియో తీయండి. ఎందుకంటే ఆసుపత్రికి చేరేసరికి ఒక్కోసారి తగ్గిపోతుంది, అప్పుడు డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుంది. మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి.

మరీ ముఖ్యంగా, ఈ ఎపిసోడ్ చూసి ఎవరూ సొంతంగా మాత్రలు మానేయొద్దు. ఒక్కసారిగా ఆపితే అసలు జబ్బు తిరగబెడుతుంది. ఇందాక చెప్పిన సమస్యల్లో చాలావాటికి డోసు తగ్గించడమో, మందు మార్చడమో, విరుగుడు ఇవ్వడమో దారి ఉంది. ఆ పని డాక్టర్‌తో కలిసి చేయాలి.

ఇప్పుడు మొదటి సీన్‌కి వెళ్దాం. అదే కుర్రాడు, అవే పైకి తిరిగిన కళ్ళు, అదే పక్కింటి పెద్దావిడ. కానీ ఈసారి ఆ ఇంట్లో వాడి చెల్లెలు ఉంది, చేతిలో ఫోన్ ఉంది, ఈ కథ తెలుసు. "అమ్మా, ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. మందు వల్ల. అన్నయ్య మందుల చీటీ ఎక్కడుంది? ఆటో పిలువు" అంటుంది. అరగంట తర్వాత వాడు కళ్ళు కిందికి దించి అమ్మ ముఖం చూస్తాడు.

మీ ఇంట్లోనో, హాస్టల్‌లోనో, ఊళ్ళోనో ఇలాంటి మందులు వాడేవాళ్ళు ఉంటే, వాళ్ళకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ ఈ ఎపిసోడ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా, ఎవరైనా "నాకు చూపు ఎలాగో ఉంది" అంటే ముందు నమ్మండి.